రెండో తాళంచెవి

"మీరు వేసిన తాళం నా కొంప ముంచింది," అంటూ ఆమె సీపీయూని తెచ్చి కౌంటర్ మీద పెట్టింది.

బయట వాన. సీపీయూకి మాత్రం భద్రంగా ప్లాస్టిక్ కవరు చుట్టి, తను నిలువునా తడిసి వచ్చింది. కంప్యూటర్ రిపేరు కుర్రాడు నవ్వబోయి మానుకున్నాడు. ఆర్నెల్లుగా ఆ గుమ్మం వైపే చూస్తున్నాడు పాపం, కానీ ఆమె ఇలా వస్తుందనుకోలేదు.

"ఏమైందండీ?"

"నత్తనడక నడుస్తోందని మా అన్నయ్య ఫార్మాట్ కొట్టాడు. నా బొమ్మల ఫోల్డర్‌ని ముందే డి డ్రైవ్‌లోకి మార్చాడట. ఫైళ్ళ పేర్లు కనిపిస్తున్నాయి, ఒక్కటీ తెరుచుకోదు. ఎల్లుండి పబ్లిషర్‌కి ఇవ్వాలి. నా మొదటి పుస్తకం."

ఆ ఫోల్డర్‌ని ఎన్‌క్రిప్ట్ చేసి తాళం వేసింది అతనే. బొమ్మ పూర్తికాకముందే అన్నయ్య చూసేసి ఏడిపిస్తున్నాడని ఆమే అడిగింది. విండోస్ పోతే తాళంచెవీ దాంతోనే పోతుంది. అందుకే దాన్నొక ఫైల్‌గా చేసి, ఆమె చేతే పాస్‌వర్డ్ పెట్టించి, పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు.

"నేనిచ్చిన కీ ఫైల్ ఏదండీ?"

"డెస్క్‌టాప్ మీద పెట్టి, పెన్‌డ్రైవ్ వేరేదానికి వాడేశాను."

"అంటే బీరువా తాళంచెవిని బీరువాలోనే పెట్టారన్నమాట."

"వెక్కిరించకండి. ఇక తెరవలేమా?"

అతను స్క్రూడ్రైవర్ తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. కాలు ఒకచోట నిలవడం లేదు. చెబితే పుస్తకం దక్కుతుంది, ఆమె దక్కదు. 'మీ దగ్గర కాపీ ఉంచుకోకండి' అని ఆ రోజు ఒకటికి రెండుసార్లు చెప్పింది. బుద్ధిగా తలూపాడు. తీరా చెరిపేద్దామంటే చెయ్యి రాలేదు.

"నా దగ్గర ఒక కాపీ ఉంది," అన్నాడు చివరికి, బల్ల వైపు చూస్తూ.

ఆమె మొహం వెలిగి, అంతలోనే ముడుచుకుంది. "వద్దన్నాను కదా."

"అన్నారు. మీరు పారేసుకుంటారేమోనని భయం. ఆ వంకతోనైనా మళ్ళీ వస్తారని ఆశ. రెండూ నిజమే. ఇకమీదట వేరే షాపుకి వెళ్తానన్నా ఏమీ అనుకోను."

ఆమె సీపీయూని అతని వైపు జరిపింది. అతను మానిటర్ తగిలించి, తన కాపీ ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టాడు. స్క్రీన్ పాస్‌వర్డ్ అడిగింది.

"ఇది లేకుండా ఆ కీతో మీరేం చేయగలరు?"

"ఏమీ చేయలేను."

"తెలిసే దాచుకున్నారా?"

"తెలిసే."

"అటు తిరగండి."

గోడ వైపు తిరిగాడు. కీబోర్డు చప్పుడు వినిపించి ఆగింది. ఉండబట్టలేక గోడ మీది పెచ్చు చేతిలోని స్క్రూడ్రైవర్‌తో గీకాడు. వెనక నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు, ఆ వెంటనే నవ్వు. తిరిగి చూస్తే స్క్రీన్ నిండా బొమ్మలు.

"మళ్ళీ తాళం వేయండి," అంది కళ్ళు తుడుచుకుంటూ. "కొత్త కీ రెండు కాపీలు తీయండి."

"రెండోది మీ అన్నయ్యకా?"

"వాడికిస్తే మళ్ళీ ఫార్మాట్ కొడతాడు. మీరే ఉంచుకోండి."

"మరి పాస్‌వర్డ్?"

"అది నాతోనే ఉంటుంది. ఎల్లుండి పుస్తకం ఇచ్చేసి నేరుగా ఇక్కడికే వస్తాను. అప్పటిదాకా ఆ స్క్రూడ్రైవర్ కాస్త కింద పెట్టండి."