నూకాలు కుళ్ళూ అయిదు బాతుపిల్లలూ

జలపురి రాజ్యానికి ఉన్న సిరి అంతా ఒక్క సరస్సే. దాని పేరు వెండిసరస్సు. జనం దాని చేపలు తిని, దాని నీటితో పంటలు పండించుకుని, దాని గట్టున పాటలు పాడుకుంటూ హాయిగా బతికేవారు. అలాంటి సరస్సు ఒకనాటి ఉదయం గాజుపలకలా బిగుసుకుపోయింది. పడవలు ఎక్కడివక్కడ ఇరుక్కుపోయాయి. బిందె ముంచబోయిన ఆడవాళ్ళకు ఠంగుమని మోత వినిపించింది తప్ప చుక్క నీరు దొరకలేదు. సరస్సును నమ్ముకున్న కొంగలూ, బాతులూ, నీటికోళ్ళూ వేరే దేశాలకు ఎగిరిపోయాయి.

మణికేతు మహారాజు సరస్సును గునపాలతో పొడిపించాడు, ఏనుగులతో తొక్కించాడు. గునపాలు వంగాయి, ఏనుగులు జారిపడ్డాయి. చివరకు అడవి అంచున తపస్సు చేసుకునే మునీశ్వరుణ్ణి అడిగితే, "సరస్సు పిల్లలే సరస్సును విడిపించాలి" అని ఒక్క మాట చెప్పి ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆ మాటకు అర్థం ఎవరికీ అంతుబట్టలేదు. ఊళ్ళలో బావులు అడుగంటుతున్నాయి.

ఆ సరస్సు పక్కనే అప్పన్న అనే అతను తుంగచాపలు అల్లుకుని బతికేవాడు. అతనికి ఇద్దరు కూతుళ్ళు, పెద్దది నూకాలు, చిన్నది చిలకమ్మ. సరస్సు బిగుసుకోవడానికి కొద్దినాళ్ళ ముందు, వాళ్ళ పెరట్లో పేర్చిన తుంగమోపుల సందున ఒక అడవిబాతు గుడ్లు పెట్టింది. మేతకు పోయిన తల్లిబాతును ఒకరోజు గద్ద తన్నుకుపోయింది. ఆ గుడ్లను పొదుగుకోడి కింద పెడితే అది వాటిని కాలితో నెట్టేసింది. అప్పుడు నూకాలు ఒక గంపలో ఊక పోసి, గుడ్లు అందులో సర్ది, పొయ్యి పక్కన పెట్టుకుంది. పూటపూటకూ వాటిని తిరగేసింది, చెంపకు ఆనించి వేడి చూసింది, ఆటలు మానేసింది. గుడ్డులోంచి మొదటి చప్పుడు వినిపించిన రోజున ఆమె కాలు నేలమీద నిలవలేదు.

కాని సరిగ్గా గుడ్లు పగిలే వేళకు నూకాలు నీళ్ళు తేవడానికి వెళ్ళింది. గంప పక్కన చిలకమ్మ కూర్చుని జామకాయ కొరుక్కుంటోంది. అడవిబాతు పిల్ల కళ్ళు తెరవగానే ఎవరిని చూస్తే వారినే తల్లి అనుకుంటుంది. నూకాలు బిందెతో గుమ్మంలోకి వచ్చేసరికి అయిదు పిల్లలూ తడి ఒళ్ళతో చిలకమ్మ కాళ్ళ చుట్టూ తిరుగుతున్నాయి.

అది మొదలు నూకాలుకు మనశ్శాంతి కరువైంది. బురదలో దిగి నత్తలు ఏరేది నూకాలు, వాటిని చితక్కొట్టి తినిపించేది నూకాలు, పిల్లిని అదిలించేదీ, నీళ్ళ గాబు కడిగేదీ నూకాలే. పిల్లలు మాత్రం పొట్ట నిండగానే చిలకమ్మ వెంట పరుగెత్తేవి. చిలకమ్మ "లల్లీ లల్లీ" అని పిలిస్తే చాలు, మేత కూడా వదిలి పోయేవి.

"చూడవే అక్కా, నేను కూచుంటే అవీ కూచుంటన్నాయి," అని చిలకమ్మ నవ్వేది.

నూకాలుకు ఒళ్ళు మండిపోయేది. కష్టమంతా తనదైతే తల్లి హోదా చెల్లెలిదా? ఆ అయిదింటిలో ముక్కు మీద నల్లచుక్క ఉన్న బొట్టుముక్కు మరీ పొగరుది. నూకాలు చెయ్యి చాపితే చాలు, తల పక్కకు తిప్పుకునేది.

రాజ్యంలో మిగిలిన నీటిపిట్టలు ఆ అయిదేనని తెలిసి రాజభటులు అప్పన్న ఇంటికి వచ్చారు. "మునీశ్వరుడు చెప్పిన సరస్సు పిల్లలు ఇవే అయ్యుంటాయి. సరస్సును విడిపించినవారికి ఏలినవారు కోరింది ఇస్తారు. వీటితో ఎవరు వెళ్తారు? వీటి తల్లి ఎవరు?" అని అడిగారు. ఇరుగుపొరుగు అందరూ చిలకమ్మ వైపు వేలు చూపించారు.

నూకాలు ముఖం కందగడ్డ అయింది. "అది పసిపిల్ల. నేను వెళ్తాను," అంది.

మాట మంచిదే, లోపలి ఆలోచన వేరు. చెల్లెలు కనబడని చోటికి తీసుకుపోతే పిల్లలు చిలకమ్మను మరిచిపోయి తనవైపోతాయని నూకాలు ఆశ. సరస్సు సంగతి ఆమె అంతగా తలచనే లేదు. మర్నాడు తెల్లవారుతూనే, చిలకమ్మ లేవకముందే పిల్లలను గంపలో పెట్టుకుని, రెండు చాపలు చుట్టి భుజాన వేసుకుని బయలుదేరింది.

అడవి అంచున గంప దించగానే అయిదు పిల్లలూ ఇంటివైపు తిరిగి నడక మొదలుపెట్టాయి. నూకాలు బతిమాలింది, కసిరింది, నత్తలు చూపించింది. అవి ఆగలేదు. చివరకు ఆమె అటూ ఇటూ చూసి, ఎవరూ వినడం లేదని తేల్చుకుని, చెల్లెలి గొంతుతో "లల్లీ లల్లీ" అంది. పిల్లలు గిరుక్కున తిరిగి పరుగెత్తుకొచ్చాయి. నూకాలుకు సిగ్గూ ఉక్రోషమూ ఒక్కసారే కలిగాయి.

మునీశ్వరుడు అక్కడే ఒక బండ మీద కూర్చుని ఉన్నాడు. "ఎవరి పిల్లలు తల్లీ ఇవి?" అని అడిగాడు.

"నావే స్వామీ."

పిల్లలు ఇంటివైపు మెడలు చాచి అరిచాయి. ముని చిన్నగా నవ్వాడు. "అవి అలా అనడం లేదే. సరే, విను. వెండిసరస్సును కాచే జలభూతం పేరు కాసారుడు. సరస్సు ప్రాణమంతా ఒక్క నీటిబొట్టులో ఉంది. దాన్ని అతడు నల్లకొండ గుహలో దాచాడు. ఆ దారి మనిషి కంటికి ఆనదు, నీటిపిట్టలకే తెలుస్తుంది. బొట్టు గుహ దాటిన రోజునే, పొద్దు వాలేలోగా సరస్సులో పడాలి. లేకపోతే ఆరిపోతుంది."

"అతను ఎందుకు పట్టుకుపోయాడు స్వామీ?"

"అది నాకంటే నీకే బాగా అర్థమవుతుంది," అని ముని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

నీటి వాసన తగలగానే పిల్లలు ఇంటిదారి వదిలి ఆ జాడ పట్టి నడిచాయి, నూకాలు వాటి వెనక నడిచింది. వాన వస్తే చాప కప్పింది. ఎండ కాస్తే తన నీడలో నడిపించింది. రోజులు గడిచేకొద్దీ పిల్లల నూగు రాలి ఈకలు మొలిచాయి. అవి పెరుగుతున్నాయే గాని చిలకమ్మను మరవలేదు. రోజూ సాయంత్రం ఇంటివైపు తిరిగి ఒక్కసారి అరిచి గాని పడుకునేవి కావు. ఆ అరుపు వినబడకుండా నూకాలు చెవులు మూసుకునేది.

అలా పోగా పోగా పెద్ద ఊబి అడ్డం వచ్చింది. గట్టున దూడంత అడవిపిల్లి ఒకటి మీసాలు దువ్వుకుంటోంది.

"ఇందులో దిగినవాళ్ళు మళ్ళీ లేవలేదు పిల్లా. నా వీపెక్కు, దాటిస్తాను. కూలి కింద ఒక్క బాతు చాలు. నాలుగు నీకు మిగుల్తాయిగా," అంది పిల్లి.

"ఏ బాతు?" అని నూకాలు నోరు జారింది.

"నీ ఇష్టం. నీ మాట వినని పొగరుబోతు ఏదైనా ఉంటే అదే ఇచ్చేయ్."

నూకాలు చూపు బొట్టుముక్కు మీద పడింది. అది యథాప్రకారం తల పక్కకు తిప్పుకుంది. ఇచ్చేస్తే పీడ పోతుందని నూకాలుకు నిజంగానే అనిపించింది. కాని మరుక్షణంలోనే గంపలో అన్నిటికంటే ముందు చప్పుడు చేసిన గుడ్డు గుర్తుకొచ్చింది. ఆ గుడ్డులోంచి వచ్చింది ఈ బొట్టుముక్కే. తన ఆలోచనకు తనకే భయం వేసి, దాన్ని లాగి ఒళ్ళో పెట్టుకుంది.

"వినకపోతే పోనీ. నీ నోట్లో పెట్టడానికా నేను దీన్ని కాచింది?" అంది.

తుంగ కోసేవాళ్ళకు బురద దాటడం కొత్త కాదు. నూకాలు ఒక చాప ముందు పరిచి దాని మీద పాకింది. రెండో చాప ఇంకా ముందుకు వేసి దాని మీదికి జరిగి, వెనకదాన్ని లాక్కుంది. అలా చాప మార్చి చాప వేసుకుంటూ బాతులతో సహా అవతలి గట్టు చేరింది. వెంటబడిన పిల్లి మాత్రం పొట్టదాకా దిగబడి, పెనుగులాడి బయటపడి, తిట్టుకుంటూ పోయింది.

ఒకనాటి పొద్దున బాతులు నల్లకొండ ఎక్కి, ఒక బండను ముక్కులతో పొడిచాయి. బండ పక్కకు తొలగింది. లోపల తాటిచెట్టంత కాసారుడు, ఒళ్ళంతా నాచుతో, మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. అతని కుడిచేతిలో నీటిబొట్టు తళతళలాడుతోంది.

"కత్తి తెచ్చావా?" అని గర్జించాడు.

"లేదు."

"మంత్రాలు వచ్చా?"

"రావు. ఆ బొట్టు ఎందుకు పట్టుకొచ్చావో చెప్పు ముందు."

ఆ ప్రశ్న అతణ్ణి ఇంతవరకు ఎవరూ అడగలేదు. కాసారుడి గొంతు తగ్గింది. "వెయ్యేళ్ళు కాచాను ఆ సరస్సును. నాచు తీసింది నేను. ఎండాకాలంలో ఊటలు తవ్వింది నేను. గట్టున జనం పాడే పాటల్లో తవ్వించిన రాజు ఉన్నాడు, తామరలు ఉన్నాయి, చందమామ ఉన్నాడు. నా పేరు లేదు. ఆ చందమామ ఏం చేశాడట? ఊరికే వచ్చి ముఖం చూసుకుని పోతాడు."

నూకాలు అతని ఎదురుగా చతికిలబడింది. "మాది జామకాయ తింటా కూచుంది," అంది.

"ఎవరు?"

"మా చెల్లి." నూకాలు ఊక గంప దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పింది. కాసారుడు మధ్యమధ్య "అన్యాయం" అంటూ తల ఊపాడు. తన బాధ అర్థమయ్యే మనిషి నూకాలుకు దొరకడం అదే మొదలు.

"అంతా బాగానే ఉంది గాని, నీకు కోపం పాడినవాళ్ళ మీద కదా? నువ్వు నొక్కింది సరస్సు పీక. అది నీకేం చేసింది?" అంది నూకాలు.

కాసారుడు ఎదురు ప్రశ్న వేశాడు. "నీకు మాత్రం పిల్లల మీద కోపం లేదా?"

"ఉంది. ఊబి దగ్గర ఒకదాన్ని పిల్లికి ఇచ్చేద్దామనిపించింది. ఇచ్చుంటే ఇప్పుడు దేని మీద కోప్పడను?"

కాసారుడు ఎడమచెయ్యి తెరిచాడు. అందులో పసుపుపచ్చని గింజలున్నాయి. "ఇవి మరులుగింజలు. ఇవి తింటే బాతులు జన్మంతా నీ వెంటే ఉంటాయి, నీ చెల్లి ఎదురొచ్చినా గుర్తుపట్టవు. ఎగరడం మాత్రం వాటికి ఎప్పటికీ రాదు. బొట్టో గింజలో, ఒక్కటే ఇస్తాను. బొట్టు తీసుకున్నా నువ్వు సాయంత్రానికి సరస్సు చేరలేవు. నీ కష్టం తెలిసినవాణ్ణి గనక చెబుతున్నాను, గింజలే తీసుకో."

నూకాలు చెయ్యి గింజల మీదికే పోయింది. అప్పుడు గుహ వాకిట్లో టపటపమని చప్పుడైంది. బాతులు అయిదూ ఇంటివైపు తిరిగి రెక్కలు కొట్టుకుంటున్నాయి. నూకాలు మనసులో ఒక ఆలోచన మెదిలింది. నడిచి చేరలేని దూరాన్ని రెక్కలు దాటగలవు. కాని ఆ రెక్కలు ఈ లోకంలో ఒక్క మనిషి కోసమే ఎగురుతాయి. ఆ ఆలోచన తనకు రాకపోయినా బాగుండేదని నూకాలు అనుకుంది. అయినా చెయ్యి వెనక్కి తీసుకుని బొట్టు అందుకుంది.

బొట్టును బొట్టుముక్కు నోట్లో పెట్టింది. తల్లి లేని ఆ పిల్లలకు ఎగరడం ఎవరూ నేర్పలేదు. నూకాలు చేతులు రెక్కల్లా ఆడిస్తూ, చెల్లెలి గొంతుతో "లల్లీ లల్లీ" అని పిలుస్తూ కొండవాలున పరుగు తీసింది. బాతులు ఆమె వెనకే పరుగెత్తాయి. వాలు చివర ఆమె బోర్లా పడింది, అవి ఆమె తలమీదుగా గాలిలోకి లేచాయి. ఒక్కటైనా వెనక్కి తిరిగి చూస్తుందని నూకాలు ఆశగా నిలబడి చూసింది. అవి తిన్నగా ఇంటివైపు పోయాయి. ఆమె అక్కడే కూర్చుని భోరున ఏడ్చింది.

"గింజలు తీసుకోవలసింది," అన్నాడు కాసారుడు.

"నోర్ముయ్," అంది నూకాలు.

తిరుగుదారిలో కాసారుడు కూడా ఆమెతో వచ్చాడు. దారి పొడవునా అతను చందమామను తిట్టాడు, ఆమె చెల్లెల్ని తిట్టింది. అతణ్ణి చూసి అడవిపిల్లి పొదలోంచి బయటికి రాలేదు. ఇద్దరికీ ప్రయాణం తెలియలేదు.

జలపురి చేరేసరికి వెండిసరస్సు అలలు కొడుతోంది. ఊరి పొలిమేరలో ఒక పడవవాడు జరిగింది చెప్పాడు. అక్క వెళ్ళిన రోజు నుంచి చిలకమ్మ గట్టు మీదే కూర్చుని "లల్లీ లల్లీ" అని పిలుస్తూ ఉంది. ఒక సాయంత్రం ఆకాశంలో రెక్కల చప్పుడైంది. ఆ పిలుపుకు బదులు పలకడానికి బొట్టుముక్కు నోరు తెరిచింది, బొట్టు జారి సరస్సులో పడింది. అంతే, నీళ్ళు కదిలాయి. ఇప్పుడు చిలకమ్మకు రాజుగారు గట్టు మీద సన్మానం చేస్తున్నారు.

చూడబోతే నిజమే. చిలకమ్మ రాజు పక్కన పూలదండలలో మునిగిపోయి కూర్చుంది. జనం జేజేలు కొడుతున్నారు. నూకాలుకు కాళ్ళ బొబ్బలకంటే కడుపు ఎక్కువ మండింది.

అక్కను చూడగానే చిలకమ్మ దండలు తెంపుకుని పరుగున వచ్చి, పిడికిళ్ళతో ఆమెను గుద్దింది. "నాకు చెప్పకుండా పోతావా? అవి నేను పెడితే తినట్లేదు. నా చేతిలో నత్తలు చూసి తల తిప్పుకుంటన్నాయి. నువ్వెలా పెడతావో నాకెందుకు చెప్పలేదు?" ఆ పిల్ల ముఖం కందగడ్డ అయింది. ఆ ముఖాన్ని నూకాలు ఎక్కడో చూసింది. అది అచ్చం తన ముఖమే.

చెప్పకూడదు గాని, నూకాలుకు ప్రాణం లేచొచ్చింది. నత్తలు చితక్కొట్టి చెయ్యి చాపింది. చిక్కిపోయిన బాతులు తోసుకుంటూ వచ్చి ఆమె అరచేతిలో తిన్నాయి. అందరికంటే ముందు వచ్చింది బొట్టుముక్కు. "అక్కే పెంచింది దొరా వీటిని. నేను ఊరికే పిలిచాను," అని చిలకమ్మ ముక్కు చీదుకుంటూ రాజుతో చెప్పింది.

"ఏం కావాలో కోరుకో తల్లీ," అన్నాడు మణికేతు మహారాజు.

నూకాలు తుంగలో బోర్లా పడుకుని నక్కిన కాసారుణ్ణి వేలు పట్టి బయటికి లాగింది. "సరస్సును వెయ్యేళ్ళు కాచింది ఈయన. ఇకమీదట ఏ పాట పాడినా ముందు ఈయన పేరు రావాలి," అంది. రాజు ఒప్పుకున్నాడు. అప్పటికప్పుడు జనం పాట కట్టి పాడారు. కాసారుడు దాన్ని రెండుసార్లు పాడించుకుని గాని నీళ్ళలోకి దిగలేదు. రాజు సరస్సు మీద ఏలుబడి అంతా అక్కాచెల్లెళ్ళకు అప్పగించాడు. వాళ్ళ మాట లేనిదే ఇక అక్కడ తుంగ కోయడానికీ, వల వేయడానికీ వీల్లేదు.

ఆ సాయంత్రమే వలసపోయిన అడవిబాతులు గుంపులుగా తిరిగివచ్చి సరస్సు మీద వాలాయి. అయిదు బాతులూ మెడలెత్తి చూశాయి. చిలకమ్మ "లల్లీ లల్లీ" అని పిలిచింది. నూకాలు నత్తలు చూపించింది. అవి ఇద్దరినీ దాటుకుని నీళ్ళలో దిగి, ఈదుకుంటూ పోయి గుంపులో కలిసిపోయాయి. వాటిలో బొట్టుముక్కు ఏదో కూడా తెలియకుండా పోయింది.

"ఏముందే అక్కా ఆ నీళ్ళల్లో?" అంది చిలకమ్మ.

"ఏమీ లేదు. ఊరికే మెరుస్తది," అంది నూకాలు.

ఇన్నాళ్ళకు అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ ఒకే దాని మీద, ఆ సరస్సు మీద, కుళ్ళుకుంటూ, ఒకే చాప మీద చీకటి పడేదాకా కూర్చున్నారు.