కప్పతల్లికి ఇచ్చిన లడ్డు

ఆ అమ్మాయి దుకాణంలోకి వచ్చి చేసిన మొదటి పని, బాలుషాను వెల్లకిల పడేయడం.

బాలుషా అంటే తినేది కాదు. హన్మకొండలో ఓంప్రకాశ్ నడిపే పెంపుడు చేపల దుకాణంలో, అద్దాల పెట్టెలో మట్టీ నాచూ పరిచి పెంచుతున్న కప్ప. ఎక్కడో దక్షిణ అమెరికా జాతి. కళ్ళపైన చిన్న కొమ్ములు, మిగతా ఒళ్ళంతా నోరే. పెట్టె మీద స్టిక్కర్‌లో దాని పేరు, పక్కనే దాని జంట పేరు ఉన్నాయి: లడ్డు, బాలుషా.

"ఏం జేస్తున్నరు మేడం? చేపల దాణా కావాలని వచ్చి నా కప్పతోని కుస్తీ పడుతున్నరేంది?"

"గ్లౌజులు ఏసుకునే పట్టిన. జర ఆగుండ్రి." ఆమె చూపు కప్ప మీదే ఉంది. "ఇది తిరిగి లేస్తలేదు, చూసిన్రా?"

బాలుషా ఒక కాలు ఆడించి ఊరుకుంది.

"దానికి బద్ధకం ఎక్కువ."

"తోలు మాటిమాటికి ఇడుస్తున్నదా?"

"ఆఁ. మంచిగ పెరుగుతుందని నేను ఖుషీ అయితున్న."

"పెరుగుడు కాదు, రోగం. నా పేరు అక్షర, పశువుల డాక్టర్‌ని. దీన్ని ఇప్పుడే దవాఖానకు తేవాలె." స్టిక్కర్ వైపు చూసింది. "ఇంకోటేది? లడ్డు?"

"అమ్ముడువోయింది," అనేశాడు ఓంప్రకాశ్.

అది శుద్ధ అబద్ధం. లడ్డును వర్ధన్నపేట పక్క ఊరి యాకమ్మ పట్టుకుపోయింది. ఈ ఏడు వానలు మొహం చాటేశాయి. వాన కోసం కప్పతల్లి ఆడాలంటే రోకలికి వేపమండలతో పాటు కప్పను కట్టి, ఇల్లిల్లూ తిరిగి బిందెలతో నీళ్ళు పోయించుకోవాలి. ఎండిన పొలాల్లో కప్పే దొరకలేదు. "నీ దుకాణంల గింత పెద్ద కప్ప ఉండంగ మేమేడ దేవులాడాలె బిడ్డ?" అంది యాకమ్మ. వరసకు పెద్దమ్మ, కాదనలేకపోయాడు. ఆ సంగతి చెబితే ఈ డాక్టరమ్మ పగలబడి నవ్వుతుందని భయపడ్డాడు. అందమైన అమ్మాయి ముందు నవ్వులపాలు కావడం ఎవరికిష్టం?

దవాఖానలో అక్షర, బాలుషా విడిచిన తోలు పొరను గాజుపలక మీద పరిచి మైక్రోస్కోపు కింద పెట్టింది.

"ఒక కన్ను మూసుకొని చూడుండ్రి."

చూశాడు. పల్చటి పొర నిండా గుండ్రటి గూళ్ళు. వాటిలో ఏదో సన్నగా మెదులుతోంది.

"కప్ప నోటితోని నీళ్ళు తాగదు, తెలుసా?" ఆమె గొంతు తగ్గింది, గుడిలో మాట్లాడుతున్నట్టు. "తోలుతోనే తాగుతది. ఊపిరి గూడ చానా మటుకు తోలుతోనే. మీరు చూసిన ఈ బూజు ఆ తోలునే పట్టుకుంటది. ఆఖరుకు గుండె ఆగిపోతది. కొన్ని దేశాలల్ల కప్పల కూతలే బందైపోయినయ్."

ఇన్నేళ్ళుగా కప్పలమ్ముతున్నాడు. వీటిలో ఇంత వింత ఉందని అతనికి తెలియనే తెలియదు. ఆశ్చర్యం ముందు వచ్చింది, భయం వెనకాలే వచ్చింది.

"ఇది పైకి చెప్పి తీరాల్సిన రోగం," అంది అక్షర. "పరీక్షకు పంపుత, పశువుల శాఖ ఆఫీసుకు రిపోర్ట్ చేస్త. వాళ్ళు సరే అనేదాక మీ దుకాణం బందు. కోపం వస్తే తిట్టుండ్రి, అలవాటే."

"తిట్టుడు తర్వాత. ఇసొంటి కప్ప చెరువుల పడితే ఏమైతది?"

"చెర్ల ఎందుకు పడుతది?"

అప్పుడు చెప్పాడు, రోకలితో సహా. ఆమె నవ్వలేదు. గ్లౌజుల డబ్బా, మూతున్న బకెట్ అందుకుంది.

"బండి తియ్యుండ్రి."

ఖమ్మం రోడ్డెక్కేసరికి ఆకాశం నల్లబడింది.

"కప్పను ఎప్పుడు ఇడుస్తరు?"

"వాన వడంగనే. చెర్ల ఇడుసుడు ఆచారం."

జిల్లా అంతా మబ్బులకు దండాలు పెడుతుంటే, ఆ బండి మీద ఇద్దరే 'ఆగు, ఆగు' అంటున్నారు. మొదటి చినుకు అక్షర ముక్కు మీద పడింది. అద్దంలో చూసిన ఓంప్రకాశ్‌కు ఆ చినుకు మీద అసూయ కలిగింది. రెండో చినుకు తన చేతిమీద పడేసరికి అసూయ మరిచి స్పీడు పెంచాడు.

ఊరు చేరేటప్పటికి వాన దంచుతోంది. చెరువు గట్టు మీద ఆడవాళ్ళు, వాళ్ళ ముందు లడ్డును వేసిన కుండ పట్టుకుని యాకమ్మ.

"పెద్దమ్మా, ఇడువకు!"

"వచ్చినవా బిడ్డ! నీ కప్ప వాన దెచ్చింది సూడు."

"దానికి రోగమున్నది పెద్దమ్మ. చెర్ల పడితే కప్పలన్నిటికి అంటుకుంటది."

యాకమ్మ మొహం ముడుచుకుంది. "వాన దెచ్చిన తల్లిని చెర్ల ఇడువకుంటే పాపం తగులుతది. ఊరికి నేనేం జెప్పాలె?" అంటూ కుండను నీటివైపు వంచింది.

ఓంప్రకాశ్ బురదలోకి దిగి అడ్డం నిలబడ్డాడు. అంతలో చెరువు పలికింది.

ముందు ఒక్క కూత. తరువాత అవతలి గట్టు నుంచి ఇంకొకటి. చూస్తుండగానే పసుపు పూసినట్టున్న బోదురుకప్పలు నీళ్ళలోకి దూకి, గొంతుకు రెండువైపులా నీలం బుడగలు పొంగించి అరవసాగాయి. చెరువంతా దద్దరిల్లింది.

"ఇవన్ని ఇన్నొద్దులు ఏడున్నయ్?" అన్నాడు ఓంప్రకాశ్, తనలో తాను.

"మట్టి కిందనే," అంది అక్షర. ఆమె కళ్ళలో వాన నీళ్ళో, ఇంకేవో. "వానకోసం చూసుకుంట పండుకున్నయ్. నేను చదువుడే గని, ఇంత దగ్గర ఎన్నడు చూడలే."

"పెద్దమ్మా," అతను చెరువువైపు చెయ్యి చూపాడు, "దీన్ని ఇడిస్తే మళ్ళొచ్చే వానకు ఈ కూత ఇనవడకపోవచ్చు."

యాకమ్మ చాలాసేపు విన్నది. తరువాత కుండ తెచ్చి అక్షర చేతిలో పెట్టింది. "తల్లిని బాగుచేసి బతికియ్యి బిడ్డ. గదే సాగనంపుడనుకుంట."

"ఇంటింట్ల దాని మీద పోసిన నీళ్ళో?" ఓంప్రకాశ్ గుసగుసగా అడిగాడు.

"ఎండకు ఎప్పుడో ఎండిపోయినయ్. ఎండితే ఈ బూజు బతకదు. కుండకు, రోకలికి బ్లీచింగ్ కొడదాం."

మర్నాడు దుకాణానికి తాళం పడింది. పరీక్షలో అదే రోగమని తేలింది. కప్పలు రెండూ దవాఖాన వెనకగదిలో విడివిడిగా మందునీళ్ళ స్నానాలు చేశాయి. రోజూ వచ్చి వాటి గిన్నెలు కడిగినవాడు ఓంప్రకాశ్. దుకాణం బందయిన మనిషికి అంత హుషారేమిటని కాంపౌండర్ శేఖర్‌కు అనుమానం.

ఆఖరి పరీక్షలో రోగం లేదని వచ్చిన సాయంత్రం, అక్షర బాలుషాను మళ్ళీ వెల్లకిల పడేసింది. అది గిర్రున తిరిగి లేచి ఆమె వేలు పట్టి కొరికింది.

"బాగైంది!" నొప్పితో, సంతోషంతో అరిచింది అక్షర.

వేలు విడిపించిన ఓంప్రకాశ్ ఆమె చెయ్యి మాత్రం విడువలేదు. "డాక్టరమ్మా, చెప్పి తీరాల్సింది నాకొకటున్నది. ఆకలైతలేదు, నిద్ర పడుతలేదు. దుకాణం తెరుస్తరంటే దుఃఖమొస్తాంది."

"ఎప్పటిసంది?"

"మీ ముక్కు మీద చినుకు పడ్డప్పటిసంది."

అంతలో అతని ఫోన్ మోగింది. రోజూ ఆ వేళకు యాకమ్మ ఫోన్ చేసి చెరువువైపు పట్టి వినిపించేది, కూతలు బాగున్నాయో లేవో డాక్టరమ్మ వినాలని. స్పీకర్ నొక్కాడు. గదినిండా చెరువు మోగింది.

"ఇంటాన్నవా బిడ్డ?" అంది యాకమ్మ.

అక్షర చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఫోన్ దగ్గరకు వంగింది.

"ఇద్దరం ఇంటున్నం, పెద్దమ్మా."