పదో పోటీ

నాది అనుమానపు బుద్ధి అని మా అమ్మ నా పెళ్ళికి ముందే తేల్చేసింది. పన్నెండేళ్ళుగా మూడో తరగతి పిల్లలకి పాఠాలు చెబుతున్నాను. పక్కవాడి పెన్సిలు ఎవరు కొట్టేశారో చెవులు చూసి చెప్పేస్తాను. అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. మా ఆయన జెరెమియా చెవులైతే మరీను.

2003 ఏప్రిల్లో ఒంటిపూట బడులు మొదలయ్యాయి. అంతకుముందు సాయంత్రానికి గానీ ఇల్లు చేరని నేను మధ్యాహ్నం ఒంటిగంటకల్లా మెట్టుగూడలో బస్సు దిగుతున్నాను. మేముండేది ఒక డాబా పైన రెండు గదుల్లో. కింద ఇంటి ఓనరు కనకలక్ష్మి గారు ఉంటారు. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇరవై ఏళ్ళయినా ఆవిడ మాటలో యాస పోలేదు.

మా ఆయన మంచాన పడి అప్పటికి ఏడాదిన్నర. స్కూటరు ప్రమాదంలో నడుము దెబ్బతిని రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. పొద్దున్నే ఒళ్ళు తుడిచి, చేతికందేలా అన్నం డబ్బా, నీళ్ళ సీసా పెట్టి, బయట తాళం వేసి బడికి పోయేదాన్ని. అవసరానికి ఇంకో తాళంచెవి కనకలక్ష్మి గారి దగ్గర ఉండేది.

మా తమ్ముడు ఆర్థర్‌కి ఆ ఏడే మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. జీతం రాగానే టీవీకి తగిలించే వీడియో గేమ్ ఒకటి మోసుకొచ్చాడు. "బావకి పొద్దుపోవాలి కదక్కా" అన్నాడు. అందులో వేసే సీడీ చూసి నాకు ఒళ్ళు మండింది. డెకథ్లాన్ ఆట! పరుగులు, దూకుళ్ళు, విసురుళ్ళు కలిపి పది పోటీలు. ఆ డెకథ్లాన్ వల్లే మా ఆయనకి స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం వచ్చింది. లేవలేని మనిషికి తెచ్చివ్వాల్సిన ఆటేనా అది? ఆయన మాత్రం కాసేపు గోడవైపు తిరిగి పడుకుని, ఆ తర్వాత చెయ్యి చాపారు.

ఆటలో పెద్ద విద్యేమీ లేదు. జాయ్‌స్టిక్ మీద రెండు బటన్లుంటాయి. ఎడమా కుడీ మార్చి మార్చి ఎంత వేగంగా నొక్కితే తెర మీద మనిషి అంత వేగంగా పరిగెత్తుతాడు. వారం తిరిగేసరికి ఆయన బొటనవేళ్ళు కాయలు కాశాయి. ఆకలేస్తోందని నోరు తెరిచి అడగడం మొదలుపెట్టారు. నాకు అదే పదివేలు.

ఒంటిపూట బడి మొదలైన నాలుగో రోజు మెట్ల దగ్గర కనకలక్ష్మి గారు నన్ను ఆపారు.

"ఏటి టీచరమ్మా, మీ ఆయన లేచి తిరుగుతున్నాడేటి? పదకొండయితే చాలు, పైన ఒకటే దడదడ. ఎవులో పరుగులెడతన్నట్టుంది."

"టీవీ చప్పుడు అయ్యుంటుందండీ."

"టీవీకి మా ఫ్యాను ఊగిపోద్దేటి?"

పైకి వెళ్ళి తాళం తీశాను. ఎండ రాకుండా కిటికీకి కట్టిన తడి దుప్పటి వల్ల గది చీకటిగా ఉంది. కూలరు గురగురమంటోంది. కూలరు గడ్డి వాసనతో పాటు ఇంకో వాసన... నొప్పుల నూనె, గ్రౌండులో గీతలకి పోసే సున్నం. మంచం పక్కన కుర్చీ ఉంది. కుర్చీలో రెండో జాయ్‌స్టిక్ ఉంది.

దాన్ని నేను ముందే బీరువా పై అరలో దాచాను. ఆ అర ఆయనకి అందదు. పట్టుకుని చూస్తే వెచ్చగా ఉంది.

"ఎవరొచ్చారండీ?"

"ఎవరొస్తరే ఈ ఎండల? నువ్వు సుత పోలీసు లెక్క అడుగుతవేంది?"

ఆయన చెవులు ఎర్రగా కందిపోయాయి.

తాళంచెవి ఎవరికైనా ఇచ్చారా అని కనకలక్ష్మి గారిని నిలదీశాను. ఆవిడ గుమ్మం పక్కన మేకుకి వేలాడుతున్న దాన్ని చూపించి, మూతి ముడుచుకుని లోపలికి పోయారు. సిగ్గు లేకుండా ఎవరో ఆడమనిషి వస్తోందని కూడా అనుమానించాను. దిండు మీద వెంట్రుకలు వెతికాను. ఆర్థర్‌కి ఫోను చేశాను.

"ఒక్క మనిషే రెండు జాయ్‌స్టిక్‌లతోనూ ఆడగలడా?"

"ఎలా అక్కా? ఒక్కోదానికి రెండు చేతులూ కావాలి. రెండోది ఎవరో ఒకరు నొక్కితేనే రెండో మనిషి కదుల్తాడు."

మర్నాడు ఆయన నిద్రపోతున్నప్పుడు చప్పుడు కాకుండా టీవీ పెట్టి పాయింట్ల పట్టిక చూశాను. మూడేసి ఇంగ్లీషు అక్షరాల్లో రెండు పేర్లున్నాయి. జె ఇ ఆర్. జెడ్ ఎ కె.

జకర్యా...

ప్రమాదం జరిగిన రాత్రి స్కూటరు వెనక కూర్చున్నవాడు. రైల్వేలోనే చేసేవాడు, ఆయనకి ప్రాణ స్నేహితుడు. రెండు రోజుల పోటీల్లో తొమ్మిది అయ్యాక పెద్ద వాన పడి, పదోదైన పదిహేనువందల మీటర్ల పరుగు మర్నాటికి వాయిదా వేశారు. ఇద్దరూ తడుస్తూ ఇంటికి బయల్దేరారు. బండి నడిపింది మా ఆయనే. జకర్యా అక్కడికక్కడే పోయాడు.

పాపం, చచ్చిపోయినవాడి పేరు పెట్టుకుని ఆయన ఒక్కరే ఆడుకుంటున్నారనుకున్నాను. జాలేసింది. టీవీ కట్టేయబోతూ ఇంకోసారి చూశాను. లాంగ్ జంప్, షాట్‌పుట్, డిస్కస్... జకర్యా పేరు ఎదురుగా ప్రతిదాంట్లోనూ మొదటి ప్రయత్నం ఫౌల్. ప్రతిదాంట్లోనూ.

బతికుండగా జకర్యా అంతే. మొదటిసారి కావాలనే గీత దాటేవాడు. "భూమి ఎట్లుందో చూసిన వదినా" అని గట్టు మీద కూర్చున్న నాకేసి చూసి నవ్వేవాడు.

పట్టిక ప్రకారం తొమ్మిది పోటీలు అయిపోయాయి. రోజుకొకటి చొప్పున, తొమ్మిది రోజులుగా వాళ్ళిద్దరూ ఆడుతున్నారు. ఆ రాత్రి ఆయన అన్నం తింటుంటే అడిగేశాను.

"జకర్యా వస్తున్నాడా?"

ఆయన ముద్ద నోట్లో పెట్టుకోలేదు. ఈసారి చెవులు ఎర్రబడలేదు.

"ఒక్కటే మిగిలింది సువార్తా. రేపటితోని ఖతం."

"అయ్యాక?"

"అయినంక ఏముంటది? ఆఖరి రౌండ్."

ఆ రౌండ్ సంగతి నాకు తెలుసు. అందులో గెలిచినవాడు, ఓడినవాడు అని ఉండదు. పదో పోటీ అయ్యాక అందరూ చేతులు పట్టుకుని గ్రౌండు చుట్టూ ఒక రౌండ్ వేస్తారు. పెళ్ళయిన కొత్తలో అది చూసి నేను ఏడ్చాను కూడా. ఎవరినీ వదలకుండా అందరూ కలిసి పోతారు... కలిసి.

నా మొగుణ్ణి ఎక్కడికి తీసుకుపోతాడు?

పొద్దున్నే జాయ్‌స్టిక్‌లు రెండూ బీరువాలో పెట్టి తాళం వేశాను. బడికి వెళ్ళకూడదనుకున్నాను గానీ ఆ రోజు మూడో తరగతి పరీక్ష. పేపర్లు పంచి, హెడ్‌మిస్ట్రెస్ గారిని బతిమాలి, పదిన్నరకి ఆటో ఎక్కాను. దారంతా ప్రార్థన చేద్దామనుకుంటే ఒక్క మాటా గుర్తు రాలేదు.

కనకలక్ష్మి గారు మెట్ల దగ్గరే నిలబడి ఉన్నారు. గొంతు తగ్గించి అన్నారు.

"ఇయాల చప్పుడు నేదమ్మా. గుబులుగుంది."

తాళం తీశాను. కూలరు ఆగిపోయి ఉంది. సున్నం వాసన ముక్కు పగలగొడుతోంది. బీరువా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. మంచం మీద ఆయన దిండుకి ఆనుకుని కూర్చుని, జాయ్‌స్టిక్ ఒళ్ళో పెట్టుకుని నొక్కుతున్నారు. ముఖం వెలిగిపోతోంది. ఏడాదిన్నరలో ఆ నవ్వు నేను చూడలేదు.

టీవీలో నీలం బనియనువాడు, ఎర్ర బనియనువాడు పక్కపక్కనే పరిగెత్తుతున్నారు. పరుగులో చివరి చుట్టు మొదలైనట్టు గంట మోగింది.

పక్కన కుర్చీ. ఖాళీ. కుర్చీలో రెండో జాయ్‌స్టిక్... దాని బటన్లు వాటంతటవే దిగుతున్నాయి. ఎడమ. కుడి. ఎడమ. కుడి.

స్విచ్చు వైపు పరిగెత్తాను.

"ఆపకు!" అన్నారాయన. "ఆపితే వాడు ఈడనే ఉండిపోతడు."

నా చెయ్యి స్విచ్చు మీదే ఆగిపోయింది. కుర్చీ కిర్రుమంది. అందులో కూర్చున్నవాళ్ళు నావైపు తిరిగినట్టు...

స్విచ్చు వదిలేసి మంచం ఎక్కాను. ఆయన రెండు చేతులూ పట్టుకుని జాయ్‌స్టిక్ మీంచి లాగేశాను.

"వదులు సువార్తా. జెర దూరమే ఉంది. వాణ్ణి నేనే పడేసిన. పరుగన్నా పూర్తి చెయ్యనియ్యి."

"నన్నేం చేసి పోతావురా?"

పెళ్ళయ్యాక ఆయన్ని ఎప్పుడూ అలా పిలవలేదు. ఆయన ఏడుపు మొదలుపెట్టారు. నేనూ ఏడుస్తూనే ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

టీవీలో నీలం బనియనువాడు నెమ్మదించి ఆగిపోయాడు. ఎర్ర బనియనువాడు సాగిపోయాడు. గీత దాకా వెళ్ళాడు. దాటలేదు. అక్కడే ఆగి వెనక్కి తిరిగి నిలబడ్డాడు. కుర్చీలో బటన్ల టకటక ఆగింది.

ఆయన చేతులు నా చేతుల్లో చల్లబడి వదులయ్యాయి. పట్టుబట్టి గెలిచాననుకున్నాను. గోడ గడియారంలో పదకొండు దాటి పది నిమిషాలైంది. ఇలాగే కూర్చుందాం, సాయంత్రం దాకా, రేపటి దాకా, వాడే విసిగి పోతాడు... అనుకున్నాను.

అప్పుడు టీవీలో నీలం బనియనువాడు ఒక అడుగు వేశాడు.

ఆయన చేతులు చూశాను. నా చేతుల్లోనే ఉన్నాయి. వేళ్ళు కదలడం లేదు. జాయ్‌స్టిక్ నేల మీద పడి ఉంది. కుర్చీలోది కూడా ఊరికే పడుంది.

ఇంకో అడుగు... ఇంకోటి...

ఆయన ఏడుపు ఆగిపోయింది. నా వెనక, మంచం చివర, బట్ట రాసుకుంటున్న చప్పుడు. తలతిప్పి చూశాను.

ఒక్కసారి కదిలితే చాలని ఏడాదిన్నరగా నేను ప్రార్థన చేసిన ఆయన పాదాలు దుప్పటి కింద కదులుతున్నాయి. ఎడమ. కుడి. ఎడమ. కుడి... వేగం పెరుగుతోంది.