లోపలికి తెరుచుకునే తలుపు

ఆట లేని రోజు సినిమా హాలంత నిశ్శబ్దమైన చోటు ఇంకోటి ఉండదు. ఆ మధ్యాహ్నం వడ్రంగి, అతని బావమరిది అక్కడికి తలుపు పనికి వెళ్లారు. బావమరిది ఉత్త వాగుడుకాయ. వాడు కబుర్లతోనే చెక్క చిత్రిక పట్టగలడని వాళ్లక్క, అంటే వడ్రంగి భార్య, ఎగతాళి చేసేది. ఆవిడకి వాడొక్కడే తమ్ముడు.

పని చిన్నదే. బయటికి తెరుచుకునే పెద్ద తలుపుని లోపలికి తెరుచుకునేలా మార్చాలి. మేనేజరు వరండాలో టీ కొట్టు పెడుతున్నాడు, తలుపు అడ్డమొస్తోంది.

ఆ తలుపు సంగతి ఊళ్లో తెలియనివాళ్లు లేరు. వెనకటికి ఇదే హాల్లో ఆట మధ్యలో రీలు అంటుకుంది. మంట మరీ పెద్దదేం కాదు. కానీ అప్పట్లో తలుపులు లోపలికి తెరుచుకునేవి. జనమంతా ఒక్కసారిగా వచ్చి మీద పడేసరికి ముందున్నవాళ్లకి తలుపు లాక్కునే జాగా లేకపోయింది. గడియ లేదు, తాళం లేదు. అయినా ఎవరూ బయటపడలేదు. ఆ తర్వాతే హాలు తలుపులు బయటికే తెరుచుకోవాలని రూలు పెట్టారు.

వడ్రంగి ఆ మాటెత్తితే మేనేజరు నవ్వేశాడు. ఇప్పుడు రీళ్లెక్కడివి, అంటుకోడానికేముంది అన్నాడు. సరేలే, మనకెందుకు అనుకున్నాడు వడ్రంగి. మిగతా తలుపులకి తాళాలేసి, చెవులు జేబులో వేసుకుని మేనేజరు భోజనానికి వెళ్లిపోయాడు.

పని పూర్తయింది. తలుపు సరిగ్గా కూర్చుందో లేదో చూడ్డానికి బావమరిది టార్చి పట్టుకుని లోపలికెళ్లి మూశాడు.

"ఇక లాగు" అన్నాడు వడ్రంగి, బయట నిలబడి.

తలుపు కదల్లేదు. లోపలినుంచి ఉలుకూ పలుకూ లేదు. వాడు అంతసేపు నోరు మూసుకుని ఉండటం వడ్రంగి ఎరగడు. భుజం ఆనించి తోశాడు. బిగుసుకున్న చెక్క గట్టిగా ఆగుతుంది. ఇది అలా ఆగలేదు. కాస్త లోపలికి పోయి... మెత్తగా వెనక్కి తోసింది.

"బావా..." పెదాలు చెక్కకి నొక్కుకుపోయినట్టుంది గొంతు. "తొయ్యొద్దని చెప్పు..."

"ఎవరికిరా?"

"వెనక వీళ్లకి... ఊపిరాడట్లేదు..."

సందుల్లోంచి వాసన వచ్చింది. కాలిన బట్ట వాసన. కాలిన జుట్టు వాసన. అరచేతి కింద చెక్క వేడెక్కుతోంది.

తలుపు మడతబందులు ఊడదీద్దామని చూశాడు. చేతికేం తగల్లేదు. ఇందాక తనే వాటిని లోపలివైపుకి మార్చాడు.

గునపం తీసుకుని తలుపు పగలగొట్టాడు. లోపల చెయ్యి... వేళ్లు కదులుతున్నాయి. పట్టుకుని లాగాడు. బావమరిది చీలికల మధ్యనుంచి జారి అతని మీద పడ్డాడు.

వాడి వెనక హాలు ఖాళీ. కుర్చీలు, చీకటి. అంతే.

వాడి పక్కటెముకలు విరిగాయి. ఏ తొక్కిసలాటలో పడ్డాడని డాక్టరు అడిగాడు. మంచం మీదున్న వాణ్ణి చూశాక మేనేజరు, టీ కొట్టు ఊసు మళ్లీ ఎత్తలేదు. వడ్రంగి దానంతటదే మూసుకునేలా స్ప్రింగు పెట్టి, బయటికి తెరుచుకునే కొత్త తలుపు బిగించాడు.

ఆ తలుపుతో నడిచిన మొదటి ఆటకి ఇద్దరూ వెళ్లి వరండాలో నిలబడ్డారు. బావమరిది ఛాతీకి ఇంకా కట్టుంది. ఆట వదిలారు, జనం వెళ్లిపోయారు. హాలు ఖాళీ అయింది.

తలుపు మూసుకోలేదు. స్ప్రింగు సాగి అలాగే ఉండిపోయింది.

"పక్కకి రా బావా" అంటూ బావమరిది మెల్లిగా అతని చొక్కా పట్టుకుని గోడవైపు లాగాడు. "దారివ్వు."

వడ్రంగికి ఎవరూ కనబడలేదు. మొహానికి వేడిగాలి మాత్రం తెరలు తెరలుగా తగిలి పోతోంది. బావమరిది చూపు గుమ్మంలోంచి మెట్లదాకా ఒక్కొక్కరినీ సాగనంపుతోంది. మధ్యమధ్య కిందికి, పిల్లల ఎత్తుకి దిగుతోంది. వాడి కళ్లు చెమర్చాయి.

ఉన్నట్టుండి ఆ చూపు ఆగింది.

"అయిపోయారా?" అని గొణిగాడు వడ్రంగి.

"ఇంకా లేదు... ఒకావిడ ఆగిపోయింది." బావమరిది గొంతు తగ్గించాడు. "నీ చేతులకేసే చూస్తోంది బావా."