పంతొమ్మిది నిమిషాల నడక

"నాలుగు టికెట్లు, మూడు రోజుల ట్రిప్, ఆఖరి రోజు ఎనిమిది వందల శవాలు. ఇదీ వాళ్ళ ప్రోగ్రాం," అన్నాడు చీఫ్.

కిటికీల్లేని బ్రీఫింగ్ రూమ్‌లో ముగ్గురే ఉన్నారు. టేబుల్ చివర చీఫ్. ప్రొజెక్టర్ పక్కన అనలిస్ట్. డిపార్ట్‌మెంట్‌లో అందరూ ఆయన్ని లెక్కల మాస్టారనే పిలుస్తారు. గోడవైపు కుర్చీలో కుడికాలు చాపుకుని కూర్చున్న మూడోవాడికి ఈ మిషన్‌లో కోడ్‌నేమ్ గైడ్.

తెరమీద ఒక కాగితం కనిపించింది. విదేశీ ముఠా కొరియర్ ఒకడు ఎయిర్‌పోర్టులో దొరికాడు. వాడి బూటు అడుగున దొరికిందా కాగితం. పైన 'హాలిడే' అని కోడ్ వర్డ్. కింద ప్రపంచ ఫుట్‌బాల్ టోర్నమెంట్ ఫైనల్ చూడ్డానికి నగరానికొచ్చే నలుగురి టూర్ ప్లాన్. ఏ రోజు ఎక్కడ తినాలి, ఎక్కడ మెట్రో ఎక్కాలి, ఎక్కడ ఎంతసేపు కూర్చోవాలి, అన్నీ నిమిషాలతో సహా టైపు చేసి ఉన్నాయి.

"ఆఖరి విజిల్ పడ్డ ఇరవై నిమిషాలకి స్టేడియం స్టేషన్ నుంచి అభిమానుల స్పెషల్ ట్రెయిన్ కదులుతుంది," అన్నాడు చీఫ్. "అది నది వంతెన మీదకి రాగానే పేలుస్తారు. ముఠా లీడర్ పేరు కోచ్. మొహం ఎలా ఉంటుందో మనకి తెలీదు. మిగతావాళ్ళవీ తెలీదు. మాస్టారూ, మీరు చెప్పండి."

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "ఈ నడకలన్నీ మన కుర్రాడొకడిచేత నడిపించి చూశాను సార్. హోటల్ నుంచి మెట్రోకి ఐదు నిమిషాలైతే ఇందులో ఎనిమిది రాశారు. మెట్రో నుంచి కాఫీ షాపుకి పది నిమిషాలైతే పదహారు. స్టేడియం నుంచి స్టేషన్‌కి పన్నెండైతే పంతొమ్మిది. ఎక్కడ చూసినా ఒకటే నిష్పత్తి. అంటే ఏమిటి? బరువు! వాళ్ళ దగ్గర ముప్పై కిలోల సామాను ఉంది. స్టేషన్లో లగేజీ గేటు దగ్గర మనవాళ్ళని పెడితే చాలు, చేతికి చిక్కుతారు."

గైడ్ కళ్ళు కాగితం మధ్యలో ఒక లైను మీద ఆగిపోయాయి. 'నది ఒడ్డున బెంచీ. పది నిమిషాలు కూర్చోవాలి.'

ఆ లైను అతనికి తెలుసు. ఎనిమిదేళ్ళ కిందట, ఈ టోర్నమెంట్ ఈ నగరంలో జరుగుతుందని ప్రకటించిన రోజు, తన ఇంట్లో భోజనాల బల్ల మీద పుట్టిన లైను అది. అప్పట్లో దాని పక్కన ఇంకో ముక్క కూడా ఉండేది. 'కూర్చోనని మొండికేస్తాడు. కూర్చోబెట్టాలి.'

మాస్టారు వెళ్ళాక చీఫ్ తలుపు మూశాడు. "చెప్పు."

"వాళ్ళ దగ్గర బరువేం లేదు సార్."

"మరి ఆ నడక?"

"నాది."

చీఫ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఆశ్చర్యపడ్డవాడిలా మాత్రం కనిపించలేదు.

"ఇది మా ట్రిప్ సార్. రాసింది నా భార్య."

* * *

ఆమె ఈ డిపార్ట్‌మెంట్‌లోనే రూట్ ప్లానర్‌గా పనిచేసేది. ఏ ఏజెంటు ఏ సందులోంచి వెళ్ళి ఏ బస్సెక్కి తప్పుకోవాలో కాగితం మీద గీసిచ్చేది. గైడ్ ఆమెని టైంటేబుల్ అని పిలిచేవాడు. "నన్ను చేసుకునేముందు కూడా రాసుకున్నావా, ఎన్ని నిమిషాలు పడుతుందో?" అని ఏడిపించేవాడు. "రాసుకున్నా. నువ్వే ఆలస్యం చేశావు," అనేది.

ఒక ఆపరేషన్‌లో ఆమెని తప్పించబోయి అతను రెండో అంతస్తు నుంచి దూకాడు. మోకాలు మూడు ముక్కలైంది. అప్పట్నుంచీ ఆమె వేసే ప్రతి ప్లాన్‌లో ఇద్దరి నడకా అతని నడకే. ఫుట్‌బాల్ పిచ్చి ఇద్దరికీ ఉంది. టోర్నమెంట్ వచ్చిన ప్రతిసారీ ట్రిప్ ప్లాన్ చేసుకున్నారు. మొదటిసారి ముందురోజు డ్యూటీ పడింది. రెండోసారి మోకాలికి ఆపరేషన్. "ఈసారి భూమి బద్దలైనా వెళ్ళాలి," అంటూ మూడోదానికి ఆమె ఎనిమిదేళ్ళ ముందునుంచే బల్లమీద మ్యాపు పరిచేది. పెన్సిల్ ఎంత గట్టిగా నొక్కేదంటే, దారుల గీతలు కాగితం దాటి బల్ల చెక్కలోకి దిగిపోయాయి.

నాలుగేళ్ళ కిందట ఒక మంగళవారం ఆఫీసుకెళ్ళిన మనిషి తిరిగి రాలేదు. వారానికి ఫైలొచ్చింది. దేశద్రోహి, శత్రువు పక్షం చేరింది, కనబడితే కాల్చవచ్చు. గైడ్ ఆ బల్లమీద ప్లాస్టిక్ షీటు పరిచేశాడు. తర్వాత ఆ బల్ల దగ్గర అన్నం తినలేదు. స్టవ్ పక్కన నిలబడే తినేవాడు.

"నా పరిస్థితి చూడు," అన్నాడు చీఫ్, బ్రీఫింగ్ రూమ్‌లో కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంటూ. "రాసింది ఆమె అని బయటికి చెప్పానంటే, నలభై తుపాకులు ఆమె కోసం వెతుకుతాయి. కాబట్టి మాస్టారి లగేజీ గేటు అలాగే ఉండనీ. నీకు ఇద్దర్నిస్తాను. స్టేషన్లో ఊడ్చేవాళ్ళ వేషంలో ఉంటారు. ముఠా ఎవరో నువ్వు చూపిస్తేనే వాళ్ళు కదులుతారు. ఎలా కనిపెడతావు?"

"ఇందులో సీటు నంబర్లు లేవు. మా ప్లాన్‌లో ఉన్నాయి. పడమటి స్టాండ్, ఇరవై రెండో వరస. సాయంత్రం ఎండ వీపుకి తగులుతుంది, కళ్ళలో పడదు."

"ఆమె కనబడితే?"

గైడ్ మళ్ళీ తెరమీది కాగితాన్ని చూశాడు. అలవాటు కొద్దీ తన నడకని లెక్కేసిందా? లేక పిలిచిందా? ఎనిమిది వందలమందిని చంపే కాగితం మీద తమ సెలవులు రాయడానికి ఆమెకి మనసెలా వచ్చింది?

చీఫ్ సొరుగులోంచి ఒక పసుప్పచ్చ గొడుగు తీశాడు. "టూర్ గైడ్ గొడుగు. పిడిలో జామర్ ఉంది. తెరిస్తే పది అడుగుల్లో ఏ రిమోటూ పనిచేయదు. పదకొండు సెకన్లే. మనవాళ్ళకి సిగ్నల్ కూడా అదే."

"పదకొండేనా?"

"బడ్జెట్," అన్నాడు చీఫ్.

* * *

ఫైనల్ రోజు మధ్యాహ్నం గైడ్ నెత్తిన టోపీ, మెడలో ఐడీ కార్డు, చంకలో గొడుగుతో ఇరవై మూడో వరసలో కూర్చున్నాడు. పెట్టుడు మీసం చెమటకి దురద పెడుతోంది.

ముందు వరసలో నలుగురు. ముగ్గురు మగవాళ్ళు అభిమానుల జెర్సీల్లో ఉన్నారు. తలా ఒక ప్లాస్టిక్ బూరా పట్టుకున్నారు. చుట్టూ వేలమంది బూరాలు ఊదుతున్నా ఈ ముగ్గురూ ఒక్కసారి కూడా నోటి దగ్గర పెట్టుకోలేదు. బాంబు ఎక్కడుందో గైడ్‌కి అర్థమైంది. మధ్యలోవాడు తెల్లజుట్టు మనిషి. మెడలో స్టాప్‌వాచ్ వేలాడుతోంది. కోచ్ అంటే వీడే. ఆ వాచీయే రిమోట్.

నాలుగో సీటులో ఆమె.

ఎర్ర గౌను, నల్లద్దాలు, ఖరీదైన సెంటు. చూసినవాళ్ళు సినిమా తార అనుకుంటారు. మెడ వెనక, జుట్టు పైకి దువ్వి ముడేసినచోట, నాలుగు తెల్ల వెంట్రుకలు కనిపించాయి. నాలుగేళ్ళ కిందట అవి లేవు. మైదానంలో ఎవరో గోల్ కొట్టారు. డెబ్బై వేలమంది లేచి అరిచారు. గైడ్ మాత్రం లేవకుండా ఆ నాలుగు వెంట్రుకల్నే చూశాడు. ఆమె కూడా లేవలేదు.

ఎనభయ్యో నిమిషంలో ఆమె లేచి, వెనక్కి చూడకుండా మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ఆఖరి విజిల్ పడింది. ముగ్గురూ స్ప్రింగుల్లా లేచారు. జనం వెళ్ళే పెద్ద గేటు వైపు కాక, పక్కనున్న చిన్న ద్వారంలోకి దూరారు. దానిమీద బోర్డు: 'వృద్ధులు, నడవలేనివారు మాత్రమే.' ఎనిమిదేళ్ళ కిందట ఆమె ఆ గేటుని ఎందుకు ఎంచుకుందో గైడ్‌కి తెలుసు. అప్పుడు వద్దని గొడవ పడ్డాడు కూడా. "నేనింకా ముసలాణ్ణి కాలేదు," అన్నాడు. "కాకముందే అలవాటు చేసుకో," అంది.

ఇయర్‌ఫోన్లో గురగుర తప్ప ఏం లేదు. ఇన్ని వేల ఫోన్ల మధ్య నెట్‌వర్క్ చచ్చింది. స్టేషన్లో ఉన్న ఇద్దరికి కబురు చేరే దారి లేదు.

బయటికొచ్చేసరికి ముగ్గురూ వంద గజాల ముందున్నారు. పోలీసులు మిగతా జనాన్ని బ్యాచులుగా ఆపి వదులుతున్నారు కాబట్టి దారి ఖాళీ. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి పన్నెండు నిమిషాలు. తనకి పంతొమ్మిది.

సగం దారిలో అతనికి బుర్రలో లైటు వెలిగింది. కాగితంలో రాసినట్టు పంతొమ్మిదో నిమిషంలో అయితే ప్లాట్‌ఫాం మీద ఒక బ్యాచ్ జనం ఉంటుంది. ముగ్గురూ అందులో కలిసిపోయి, బూరాలు సామాను అరమీద పెట్టి, బండి కదిలేలోపు దిగిపోతారు. కానీ వాళ్ళు పన్నెండో నిమిషానికే చేరతారు. అప్పటికి ప్లాట్‌ఫాం మీద ఒక్క మనిషి ఉండడు. ట్రెయిన్ తలుపులు పంతొమ్మిదిదాకా తెరవరు. ఆ ఏడు నిమిషాలూ బూరాలు పట్టుకుని బొమ్మల్లా నిలబడాల్సిందే. కుంటివాడు కూడా వెళ్ళి పట్టుకోగలడు.

అది అలవాటు కాదు. పిలుపే.

గైడ్ పరిగెత్తాడు. రెండో అడుగుకే మోకాల్లో కత్తి దిగినట్టయింది. పళ్ళు బిగించి పరిగెత్తాడు. టోపీ ఎగిరిపోయింది. మీసం ఒక పక్క ఊడి గాలికి కొట్టుకుంది.

స్టేషన్ మెట్ల మలుపులో, ఎదుటి ప్లాట్‌ఫాంకి వెళ్ళే దారిలో, ఆమె గోడకానుకుని చేతి గడియారం చూసుకుంటోంది. అతను ఆగిపోయాడు. ఆమె తల ఎత్తలేదు.

"పదిహేడు," అంది మెల్లగా. "మోకాలు నయమైందా?"

"లేదు. పరిగెత్తాను."

"ఎవరు పరిగెత్తమన్నారు? నీ టైం నీకిచ్చాగా!" ఆ గొంతులో కోపం, అచ్చం వంటింట్లో కోపం. "మీసం సరిచేసుకో. ఘోరంగా ఉంది."

"ఇంటికి రా."

"స్టాప్‌వాచ్ వాడి ఎడమచేతిలో ఉంది. వెళ్ళు." అతని కోటు జేబు సర్దుతున్నట్టు ఒక్కసారి తాకి, ఎర్ర గౌను మెట్లు దిగిపోయింది.

వెంటపడితే ఆమెని చేరగలడు. ఆ మెట్లు పదే ఉన్నాయి. ఆ పది మెట్లూ దిగితే ఎనిమిది వందలమంది చస్తారు. అతను రెండోవైపు తిరిగాడు.

ప్లాట్‌ఫాం మీద ముగ్గురూ ఉన్నారు. ఇద్దరు వేషగాళ్ళు దూరంగా చీపుర్లతో సిగ్నల్ కోసం చూస్తున్నారు. ట్రెయిన్ తలుపులు బుస్సుమని తెరుచుకున్నాయి. మొదటి బ్యాచ్ జనం, కేరింతలతో, మెట్ల మీంచి లోయలోకి నీళ్ళు వచ్చినట్టు వచ్చి పడ్డారు. గైడ్ కుంటుతూ ఇరవై అడుగులు, పదిహేను, పన్నెండు దాకా వచ్చాడు. కోచ్ తల తిప్పాడు. ఊడిన మీసం చూశాడు. ఎడమచేతి బొటనవేలు వాచీ మీదకి వెళ్ళింది.

పది.

గైడ్ గొడుగు తెరిచాడు.

బొటనవేలు నొక్కింది. ఏం కాలేదు. మళ్ళీ నొక్కింది. పైకప్పున్న ప్లాట్‌ఫాం మీద పసుప్పచ్చ గొడుగు పట్టుకుని నిలబడ్డ కుంటివాణ్ణి చూసి జనం నవ్వారు. ఏడో సెకనుకి చీపురు కర్ర ఒకటి కోచ్ మణికట్టు మీద పడింది. తొమ్మిదికి వాచీ గైడ్ గుప్పిట్లో ఉంది. పదకొండుకి బూరాలు మూడూ ఊడ్చేవాళ్ళ చేతుల్లోకి వచ్చాయి.

ఎదుటి ప్లాట్‌ఫాం నుంచి ఒక లోకల్ ట్రెయిన్ కదిలింది. ఏ కిటికీలోనూ ఎర్ర గౌను కనబడలేదు. వెతికే టైము కూడా అది ఇవ్వలేదు.

* * *

మర్నాడు ఉదయం చీఫ్ అన్ని పేపర్లూ టేబుల్ మీద పరిచాడు. లగేజీ గేటు దగ్గర పోలీసు కుక్క వాసన పట్టడంవల్ల కుట్ర భగ్నమైందని అన్నిట్లోనూ రాశారు. లెక్కల మాస్టారికి ప్రమోషన్ ఖాయమైంది.

"నాలుగో మనిషి తప్పించుకుంది," అన్నాడు గైడ్.

"తప్పించుకోవాలి. ఆమెని పంపింది నేనే." చీఫ్ కిందికి చూస్తూ చెప్పాడు. "కోచ్ పైన ఇంకొకడున్నాడు. వాడు దొరికేదాకా ఆమె రావడానికి వీల్లేదు. నీకు చెప్పొద్దని ఆమే షరతు పెట్టింది. అబద్ధం ఆడితే నీ చెవులు ఎర్రబడతాయట కదా. వాళ్ళు నిన్ను గమనిస్తారని తెలుసు. నువ్వు నిజంగా ద్వేషిస్తేనే వాళ్ళు ఆమెని నమ్ముతారంది."

"నిజంగానే ద్వేషించాను సార్."

"తెలుసు. చాలా బాగా చేశావు."

అంతకన్నా పెద్ద దెబ్బ ఎవరూ అతన్ని కొట్టలేదు.

ఇంటికెళ్ళి, బల్లమీద ప్లాస్టిక్ షీటు లాగేశాడు. పెన్సిల్ గీతలు అలాగే ఉన్నాయి. హోటల్, మెట్రో, బెంచీ, గేటు. వేలితో ఒక్కొక్కటీ తడుముతూ కూర్చుంటే, నాలుగేళ్ళుగా రానివన్నీ ఒక్కసారి కళ్ళలోకి వచ్చాయి. రుమాలు కోసం కోటు జేబులో చెయ్యి పెట్టాడు. మడతపెట్టిన చిన్న కాగితం తగిలింది.

వచ్చే టోర్నమెంట్. ఇంకో దేశం, ఇంకో నగరం. రెండు టికెట్లు. నది ఒడ్డు లేదు కాబట్టి పార్కులో బెంచీ, పదిహేను నిమిషాలు. స్టేడియం నుంచి స్టేషన్‌కి మామూలు మనుషులకి పన్నెండు నిమిషాలట. పక్కనే ఆమె అంకె: ఇరవై రెండు.

అంటే నాలుగేళ్ళ వయసు కూడా కలిపింది.

గైడ్ ముక్కు తుడుచుకుని ఫోన్ తీశాడు. నాలుగేళ్ళుగా వాయిదా వేస్తున్న మోకాలి డాక్టరు నంబరు నొక్కాడు. టైంటేబుల్ లెక్క జీవితంలో ఒక్కసారైనా తప్పని నిరూపించాలి.