యేసయ్య పేరుతో నాలుగో మనిషి

మునగాల దగ్గర హైవే దాబా. లారీ డ్రైవర్ వేషంలో ఉన్న ఛీఫ్ రొట్టె తుంచుతూ అడిగాడు, "కాలువల నీళ్లొచ్చినయా?"

"నీళ్లకంటే ముందు మొసళ్లొచ్చినయ్," అన్నాడు ఏజెంట్ నరేందర్. కోడ్ సరిపోయింది.

"సూర్యాపేటలో కృష్ణధార సర్వేస్ అని ప్రైవేటు కంపెనీ. కాలువ గేట్ల కంట్రోల్ మ్యాప్ వాళ్ల దగ్గరుంది. చాలా భాగం ఇప్పటికే విదేశీ ముఠాకి చేరింది. మిగిలిన ముక్క వాళ్లకి ఇవాళ మధ్యాహ్నం రెండింటిలోపు పోవాలి. ఆ తర్వాత కంపెనీ సర్వర్ బంద్."

"దొంగ ఎవరు సార్?"

"లాగ్‌లో ఎక్కినవాళ్ల పేరు ఒక్కటే ఉంది, యేసయ్య. రెండింటిలోపు ఇంకో పేరు తేకపోతే అతన్నే లోపలేస్తాం."

నరేందర్ చేదుగా నవ్వాడు. ప్రింటర్ మెకానిక్ వేషంలో ఆ ఆఫీసు గుట్టంతా చూశాడు. పిసినారి కంపెనీ కొన్నది ఒకటే అకౌంట్, సీనియర్ అని యేసయ్య పేరు మీద. దాంట్లో ఒకేసారి మూడే సెషన్లు నడుస్తాయి, అంటే ముగ్గురే ఎక్కగలరు. సూర్యాపేటలో యేసయ్య, కోదాడలో శ్రీను, మిర్యాలగూడలో స్వరూప.

"మూడు ఊర్లల్ల ఎవరు ఎక్కినా యేసయ్యే సార్. ఒకరు అన్నానికి లేస్తే ఆ సందుల నాలుగో మనిషి దూరుతున్నడు. ఇయ్యాల ముగ్గుర్ల ఎవర్నీ లేవనియ్య, బయటి ఇద్దరికి ఫోన్ల చెప్త. సీటు దొర్కకపోతే వాడే బయటపడ్తడు."

"దీపకి కూడా చెప్పొద్దు."

నరేందర్ మొహం మాడింది. కోదాడ బ్రాంచిలో ట్రైనీ వేషంలో ఉన్న దీప అతని పార్ట్‌నర్. నల్లకళ్లద్దాలు, ఖరీదైన సెంటు, గురి తప్పని చెయ్యి. ఒకసారి అతని మీదకొచ్చిన తూటాకి తన భుజం అడ్డం పెట్టిన మనిషి.

మధ్యాహ్నం సూర్యాపేట ఆఫీసులో యేసయ్య కీబోర్డు పక్కనే టిఫిన్ డబ్బా విప్పాడు. "ప్రింటర్ సారూ, ఒంటికన్న పోనియ్యవా?"

"లాగౌట్ కొట్టినవంటే జైలుకే పోతవ్ పెద్దయ్యా. ఆపుకో."

రెండు కావస్తుండగా యేసయ్య ఫోన్ మోగింది. నరేందర్ స్పీకర్ ఆన్ చేశాడు.

"యేసయ్య గారూ, కోదాడ నుంచి దీపనండీ. నా ల్యాప్‌టాప్‌లో మ్యాప్ తెరుచుకోవట్లేదు, సెషన్లు నిండిపోయాయంట. శ్రీనుని అడిగితే కసురుకుంటున్నాడు. ఒక్క రెండు నిమిషాలు మీరు దిగుతారా?"

నరేందర్ చెయ్యి ఫోన్ మీదే ఆగిపోయింది. యేసయ్య చెయ్యి మౌస్ మీదికి పోవడానికి ఆ ఒక్క క్షణం చాలు.

"అయ్యో, దిగుత తియ్ బిడ్డా," అన్నాడు యేసయ్య. క్లిక్!

ఏళ్లుగా ఆ ఆఫీసుల్లో పని నడిచేదే అట్లా. ఒకరు ఫోన్ చేసి దిగమంటారు, ఇంకొకరు దిగుతారు. జైలు పేరు చెప్పినా ఆ చెయ్యి అలవాటు మానలేదు.

నరేందర్ యేసయ్యను కుర్చీతో సహా పక్కకు తోశాడు. మానిటర్‌కి అంటించిన పాస్‌వర్డ్ చూసి కొట్టాడు. తప్పు. మళ్లీ కొట్టాడు. తెర మీద గుండ్రం తిరిగింది, తిరిగింది... మ్యాప్ తెరుచుకుంది.

"అరె, ఎవరో ఎక్కేశారండీ!" ఫోన్‌లో దీప గొంతు.

"నేనే, దీపా."

గోడ గడియారం రెండు కొట్టింది.

"ఆ రోజు తూటాకి అడ్డం రాకుండా ఉండాల్సింది," అంది దీప.

"నాకూ గట్లనే అనిపిస్తున్నది."

కోదాడలో ఛీఫ్ మనుషులు ఆమెను కారెక్కించుకుపోయారు. సాయంత్రం ఛీఫ్ తాపీగా చెప్పాడు, "ఆమె అరెస్టు రికార్డులో ఉండదు. అలాంటి మనిషి మన డిపార్ట్‌మెంట్‌లో ఎప్పుడూ లేదు."

"మరి పోయిన మ్యాప్ కేసు?"

"లాగ్‌లో పేరుంది కదా."

"ఇంకో పేరు తెమ్మన్నరు, తెచ్చిన సార్!"

"రాయడానికి వీల్లేని పేరు తెచ్చావు, నరేందర్."

యేసయ్య బెయిలు మీద వచ్చాక నరేందర్ చూడబోయాడు. అంతలో యేసయ్యకు మేనేజర్ ఫోన్.

"ఏం యేసయ్యా, మంచిగున్నవా? పాత అకౌంట్ పోలీసోళ్లు సీజ్ చేసిన్రు. ఇగ కొత్తది తీయాలె. నీ పేరు మీదనే తీస్తున్న, ఏమన్న పరేషానా?"

"పరేషాన్ ఏముంది సార్," అన్నాడు యేసయ్య. "ఆధార్ నంబర్ చెప్పాల్నా?"