రెండు చుక్కలు, ఒక ముల్లు

పటాన్‌చెరులో ఒక జిరాక్స్ షాపులో ఎవాంజెలిన్‌ను మొదటిసారి చూశాను. చూసి ఊరుకోకుండా ఆమె ప్రింట్ తీయించుకున్న కాగితం మీద నా స్కేలు పెట్టాను. నేను బేరింగుల ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ని. జేబులో స్టీలు స్కేలు లేకపోతే నాకు చొక్కా వేసుకున్నట్టే ఉండదు.

"ఈ గీత వంద మిల్లీమీటర్లని రాసుంది. తొంభై ఏడే ఉంది," అన్నాను.

"మిమ్మల్ని నేను అడిగిన్నా?"

"అడగలే. గని రిజెక్ట్ పీస్ కండ్ల ముంగట పోతుంటే నా చెయ్యి ఊకోదు."

ఆమె నన్ను కిందికీ పైకీ చూసి, షాపు ఓనర్ నర్సన్న వైపు తిరిగింది.

"పేజీల పట్టాలె గదమ్మా, జెర చిన్నగ చేసిన," అన్నాడు నర్సన్న, మేలు చేసినవాడిలా.

అది రికార్డ్ ప్లేయర్‌కి వాడే ప్రొట్రాక్టర్. కాగితం మీద రెండు చుక్కలు, చుట్టూ సన్నటి గీతలు. పాట చదివే ముల్లు కార్ట్రిడ్జ్ అనే చిన్న డబ్బీకి ఉంటుంది. ముల్లును ఒక్కో చుక్క మీద ఆనించినప్పుడు, ఆ డబ్బీ అంచులు గీతలకు సమాంతరంగా రావాలి. రెండు చోట్లా రావాలి. కాగితం మూడు శాతం చిన్నదైతే మొత్తం తప్పే.

"మా అమ్మ పాడిన రికార్డు ఒక్కటే ఉంది," అంది ఎవాంజెలిన్, గొంతు తగ్గించి. "కొత్త ముల్లు తెప్పించిన. వంకర కూసుంటే రికార్డు కోసుకపోతది. మీకు సరిగ్గ కొలుసుడు వస్తదా?"

"నాకు వచ్చిందే అదొక్కటి."

ఆదివారం చర్చి అయ్యాక, సరైన సైజులో మళ్లీ తీయించిన ప్రింటు పట్టుకుని చిట్కుల్‌లో వాళ్లింటికి వెళ్లాను. ఎవాంజెలిన్ వాళ్ల నాన్న సత్యానందం సార్ రిటైర్డ్ టీచర్. ఎడమ చెవి ఏళ్ల కిందే పోయింది. ఎవరొచ్చినా కుడి చెవి వాళ్ల వైపు తిప్పి కూర్చుంటాడు. ఆయన భార్య దయావతి పోయి నాలుగేళ్లయింది. పెళ్లికి ముందు చర్చి బృందంతో కలిసి ఆమె పాడిన కీర్తనల రికార్డు అది. అందరికంటే పై స్వరం ఆమెదే.

"ఒక్కసారి ఆమె గొంతు ఇనాలె బిడ్డా. ఇంకేం అడగ," అన్నాడాయన.

ఆ రోజు మొదటి చుక్క దగ్గర కుదిరింది, రెండోదాని దగ్గర వంకర పోయింది. రెండో ఆదివారం రెండోది కుదిరింది, మొదటిది పోయింది.

"మా బడి పిల్లలు గూడ ఇంత టైం తీసుకోరు," అంది ఎవాంజెలిన్. ఆమె లెక్కల టీచర్.

"మీరు పక్కన నిలవడితే వాళ్లకు చెయ్యి వణకది గదా."

నవ్వు దాచుకోవడానికి ఆమె వంటింట్లోకి పోయింది. నేను స్క్రూ కింద పడేసుకుని పావుగంట వెతికాను.

మూడో ఆదివారం వాన. టార్చి వేసి భూతద్దంలో చూశాను. రెండు చుక్కల దగ్గరా వెంట్రుకవాసి తేడా లేదు. స్క్రూలు బిగించి "ఓకే సార్" అనాలి. సరిగ్గా అప్పుడే ఎవాంజెలిన్ మిర్చి బజ్జీల పళ్లెం పట్టుకుని వచ్చింది. జడ మీద వాన చినుకులున్నాయి. పని అయిపోతే వచ్చే ఆదివారం ఈ ఇంట్లో నాకేం పని అనిపించింది.

"ఇంకా అర మిల్లీమీటర్ తేడా ఉంది సార్. రికార్డుతోని రిస్క్ వద్దు," అన్నాను. బజ్జీలు తిని చాయ్ తాగి, మెల్లగా స్క్రూ వదులు చేశాను.

"తొందరేం లేదు బిడ్డా. దయ ఏడికి పోతది," అన్నాడు సార్.

మా ఫ్యాక్టరీలో పాస్ చేయని, రిజెక్ట్ చేయని పీసుకి పసుపు ట్యాగ్ కడతాం. హోల్డ్ అని. మరో మూడు ఆదివారాలు ఆ ఇంటికి నేను పసుపు ట్యాగ్ కట్టాను. నా బతుకులో అంత సంతోషంగా ఎన్నడూ లేను. ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఏడో వారం, మంగళవారం ఎవాంజెలిన్ ఫోన్ చేసింది.

"డాడీ పొద్దున లేచేసరికి కుడి చెవి గూడ ఇనవడ్తలేదు."

దవాఖానలో ఇంజెక్షన్లు ఇచ్చారు. కొంచెం తిరిగొచ్చింది, అదీ లావు శబ్దాలకే. సన్నటి శబ్దాలు ఇక వినబడవన్నాడు డాక్టర్.

ఆ ఆదివారం పది నిమిషాల్లో ముల్లు కుదిర్చాను. రికార్డు తిరిగింది. సార్ స్పీకర్‌కి కుడి చెవి ఆనించాడు.

"డోలక్ ఇనవడ్తుంది," అన్నాడు. "మగోళ్లు పాడుతున్నరు." చెవి ఇంకా గట్టిగా ఆనించి, నా వైపు చూశాడు. "దయ ఏది?"

ఆ క్షణాన ఇల్లంతా ఆమె గొంతే ఉంది.

నేను వరండాలోకి వచ్చేశాను. వెనకే ఎవాంజెలిన్ వచ్చింది.

"మూడో ఆదివారమే కుదిరింది," అన్నాను. "నిన్ను చూడనీకి రావాలని అబద్ధం చెప్పిన. నీ మీద ప్రేమతోనే చెప్పిన, గని సార్‌కు అన్యాయం చేసిన."



"నాకు తెలుసు," అంది ఎవాంజెలిన్. "నువ్వు చాయ్ తాగేటప్పుడు నేను గూడ భూతద్దం పెట్టి చూసిన. రెండు చుక్కల మీద సరిగ్గుండె."

"మరి ఎందుకు చెప్పలే?"

"నువ్వు మళ్ల రావని."

ఇద్దరం ఏడ్చాం. ఎవరినెవరు ఓదార్చాలో తెలియలేదు. చెప్పకుండా ఉండలేమని మాత్రం ఇద్దరికీ తెలుసు. లోపలికి వెళ్లి, ఆయనకు వినబడదు కాబట్టి, నోటుబుక్కులో అంతా రాశాం. సగం ఆమె, సగం నేను. కింద ఇద్దరి పేర్లు పెట్టాం.

సార్ కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. తిడతాడేమో అనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను. ఆయన నోటుబుక్కు మూసి, కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"పెండ్లయినంక గూడ ఆదివారం ఆదివారం ఇద్దరు రావాలె," అన్నాడు. "ఆమె గొంతు ఎక్కడ లేస్తదో నాకు చెయ్యెత్తి చూపియ్యున్రి. మిగిలింది నాకు యాదికుంది."

మా పెళ్లయి రెండేళ్లయింది. ఇప్పటికీ చర్చి అయ్యాక చిట్కుల్ వెళ్లి రికార్డు పెడతాం. దయావతి గారి గొంతు లేచినప్పుడల్లా ఎవాంజెలిన్, నేనూ చెయ్యెత్తుతాం. ఆయన మా చేతుల వైపు చూస్తూ పెదవులు కదిలిస్తాడు. నాకు ఆ పాట పూర్తిగా వినబడుతుంది.